శ్రీ వరాహగిరి వేంకటగిరి

మన బరంపురమున 1894 ఆగష్టు 10వ తేదీన, న్యాయవాది జోగయ్య పంతులుగారింట వేంకటగిరిగారు జన్మించిరి. న్యాయశాస్త్ర మభ్యసింప 1913లో ఐర్లండున కేగి, అచటి స్వాతంత్ర్యవాదులతోడి సంబంధముచే 1916లో ఆ దేశమును వీడవలసినవారైరి. స్వదేశమునకు మరలి రైల్వే కార్మికులను సంఘములుగా కూర్చిరి.

1937 ఎన్నికలలో, నాటి మద్రాసు రాష్ట్ర ప్రధానమంత్రియగు బొబ్బిలి రాజావారిని బొబ్బిలిలోనే ఓడించిరి. పిమ్మట రాజాజీ మంత్రివర్గమున కార్మిక, పరిశ్రమల శాఖలు వహించిరి. భారతీయుల సమ్మతి లేకయే ఆంగ్లప్రభుత్వము దేశమును యుద్ధమునకు దింపగా, 1939లో తక్కిన మంత్రులతోబాటు పదవి వీడిరి. 1946లో ప్రకాశముగారి మంత్రివర్గమున మరల మంత్రియైరి.

1954లో బ్యాంకు ఉద్యోగుల వేతనములపై వెలువడిన తీర్పును ప్రభుత్వము మార్చగా, కేంద్ర కార్మికమంత్రి పదవిని త్యజించిరి. 1969లో రాష్ట్రపతియై, 1980లో కీర్తిశేషులైరి.

బాలలారా! అధికారము నందుటయే గాదు, ధర్మమునకై దానిని వీడుటయు ఘనతయే.