లెక్క సరిపోతే చాలదు

మన ఇళ్లలో ఎందరో పిల్లలు బి.కాం., సి.ఏ. చదువుతున్నారు. జమాఖర్చులు రాయడం కాలేజీలో నేర్చుకుంటారు. మరి దొంగ లెక్క రాయమని యజమాని ఒత్తిడి చేసిన రోజున ఏం చేయాలో ఎక్కడ నేర్చుకుంటారు? ఇమామ్ అబూ హనీఫా (రహిమహుల్లాహ్) జీవితంలో దీనికి సమాధానం ఉంది.

ఆయన హిజ్రీ 80 (క్రీ.శ. 699)లో ఇరాక్‌లోని కూఫాలో జన్మించారు. పట్టుబట్టల వ్యాపారం ఆయన జీవనోపాధి. గురువు హమ్మాద్ హిజ్రీ 120లో మరణించాక ఆయన స్థానంలో బోధన చేపట్టారు. అయినా వ్యాపారం మానలేదు.

ఒక సమస్యను శిష్యుల ముందుంచి, అందరి వాదనా విని, ఆ తర్వాతే తీర్పుకు వచ్చేవారు. ఇంకా ఎదురుకాని సమస్యలను కూడా ఊహించి చర్చించేవారు. ఆపద రాకముందే దానికి సిద్ధపడాలన్నది ఆయన ఉద్దేశం.

చెప్పినదాన్ని దుకాణంలో ఆచరించి చూపారు. ఒక స్త్రీ పట్టువస్త్రం తెచ్చి నూరు దిర్హములకు అమ్మబోగా, దాని విలువ అంతకంటే ఎక్కువని ఆయనే చెప్పి, చివరకు ఐదు వందలకు కొన్నారని చరిత్రకారులు రాశారు. మరోసారి భాగస్వామి హఫ్స్ బిన్ అబ్దుర్రహ్మాన్‌కు సరుకు పంపుతూ, ఒక వస్త్రంలో లోపముందని, కొనేవారికి అది చెప్పి అమ్మమని కోరారు. హఫ్స్ మరచిపోయారు. కొన్నవారెవరో తెలియలేదు. లెక్కలో ఒక్క దిర్హమూ తేడా లేదు. అయినా ఇమామ్ ఆ సరుకు మీద వచ్చిన మొత్తం సొమ్మును సదఖా చేసేశారు.

ఖలీఫా మన్సూర్ ఖాజీ పదవి ఇవ్వజూపితే నిరాకరించి చెరసాల పాలయ్యారు. హిజ్రీ 150 (క్రీ.శ. 767)లో బాగ్దాదులో పరమపదించారు. ఆయన ధనసహాయంతో చదువుకున్న పేద శిష్యుడు అబూ యూసుఫ్, తర్వాత ప్రధాన ఖాజీ అయి, ఖలీఫా హారూన్ రషీద్ కోసం రాజ్య ఆదాయంపై 'కితాబుల్ ఖరాజ్' రచించారు. పన్ను వసూలుదారులు ప్రజలను పీడించరాదని అందులో ఖలీఫాకే హితవు చెప్పారు. గురువు దుకాణంలోని పాఠం శిష్యుడి ద్వారా రాజ్య ఖజానా వరకు చేరింది.

2009లో మన హైదరాబాదులోనే సత్యం కంప్యూటర్స్ లెక్కల మోసం బయటపడింది. లేని సొమ్మును ఉన్నట్లు ఏళ్ల తరబడి పుస్తకాల్లో చూపారు. ఆ లెక్కలు రాసినవారు, తనిఖీ చేసినవారు చదువు లేనివారు కారు.

కనుక తల్లిదండ్రులారా! దస్తర్‌ఖాన్ దగ్గర మీ బిడ్డ ముందు ఇలాంటి సమస్య ఒకటి ఉంచండి. ఉద్యోగం పోతుందన్నా దొంగ లెక్కపై సంతకం చేస్తావా అని అడగండి. తొందరపడి తీర్పు చెప్పకండి, వాదించనివ్వండి. ఆ సంతకం అమానత్ అని అర్థమయ్యేలా చెప్పండి. అల్లాహ్ మన పిల్లల కలాన్ని, సంపాదనను పరిశుద్ధంగా ఉంచుగాక! ఆమీన్.