హాఫ్‌కిన్ మహాశయుడు – టీకా – ప్రజావిశ్వాసం

రోగానికి భయపడడం మానవ సహజం. కాని రోగాన్ని నివారించే మందుకు కూడా మానవుడు భయపడతాడు. ఇది పైకి వింతగా తోచినా, యోచిస్తే కారణం బోధపడుతుంది. జబ్బుపడినవాడు బాధ తీరడానికి ఎంత చేదు మందైనా మింగుతాడు. టీకా వేయించుకోవలసినవాడు మాత్రం ఆరోగ్యవంతుడు. రేపు వస్తుందో రాదో తెలియని వ్యాధి కోసం నేడు సూదిపోటునూ జ్వరాన్నీ భరించమంటే అతని మనస్సు మొరాయిస్తుంది. పైగా ఆ సూది పట్టిన చెయ్యి ఎవరిది, అది మన మేలు కోరే చెయ్యేనా అనే సందేహం కలుగుతుంది. 2021లో కోవిడ్ టీకా వచ్చినప్పుడు దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ వీధులలోనూ ఈ సందేహమే వినిపించింది. ఇదే సందేహాన్ని నూరేళ్ళకు పూర్వం మన దేశంలో ముఖాముఖి ఎదుర్కొన్న మహనీయుడు వాల్డెమార్ హాఫ్‌కిన్. ఆయన జీవితం విద్యార్థులందరూ తెలుసుకోదగినది.

హాఫ్‌కిన్ 1860 మార్చి 15న, నాటి రష్యా సామ్రాజ్యంలోని ఒడెస్సా నగరంలో ఒక యూదు కుటుంబంలో జన్మించాడు. అక్కడి విశ్వవిద్యాలయంలో సుప్రసిద్ధ శాస్త్రజ్ఞుడు మెచ్నికోవ్ వద్ద జంతుశాస్త్రం అభ్యసించాడు. ఆ రోజులలో యూదులపై దాడులు జరుగుతుండేవి. తనవారి రక్షణ కోసం నిలబడినందుకు ఆయన నిర్బంధానికి గురి అయ్యాడు. మతం మార్చుకుంటే ఆచార్య పదవి లభించేది. ఆయన అందుకు అంగీకరించలేదు. స్వదేశం విడిచి 1888లో జెనీవాకు, మరుసటి సంవత్సరం పారిస్‌లోని పాశ్చర్ సంస్థకు చేరుకున్నాడు. అక్కడ ఆయనకు మొదట లభించినది గ్రంథాలయంలో చిన్న ఉద్యోగం మాత్రమే. తీరిక వేళల్లో పరిశోధన సాగించి కలరాకు టీకా కనుగొన్నాడు. 1892 జులై 18న మొట్టమొదటి మోతాదును తన శరీరంలోనికే ఎక్కించుకున్నాడు.

కలరాను మన తెలంగాణ పల్లెలలో గత్తర అంటారు. ఊళ్ళకు ఊళ్ళను తుడిచిపెట్టిన ఆ వ్యాధిని ఎదుర్కోవడానికి హాఫ్‌కిన్ 1893లో భారతదేశానికి వచ్చాడు. 1894లో కలకత్తాలోని కట్టాల్‌బాగాన్ బస్తీకి భారతీయ వైద్యులతో కలిసి వెళ్ళగా, జనం రాళ్ళతో స్వాగతం పలికారు. ఆయన కోపించలేదు, పోలీసులను పిలవలేదు. అందరి ఎదుట తన శరీరానికే సూది వేయించుకున్నాడు. చూస్తున్నవారిలో ఆగ్రహం తగ్గి కుతూహలం పుట్టింది. బస్తీలోని సుమారు 200 మందిలో 116 మంది టీకా వేయించుకున్నారు. తరువాత అక్కడ కలరా సోకినది టీకా వేయించుకోనివారికే.

1896లో బొంబాయి నగరంలో ప్లేగు ప్రవేశించింది. ఉర్దూలో తావూన్ అనే ఈ వ్యాధిని అరికట్టడానికి ప్రభుత్వం బలప్రయోగానికి పూనుకుంది. 1897 ఫిబ్రవరిలో అంటువ్యాధుల చట్టం వచ్చింది. సిబ్బంది ఇళ్ళలో చొరబడి సోదాలు చేశారు. పరదా పాటించే స్త్రీలను సైతం పరీక్షించారు. రోగులను బంధువుల నుంచి విడదీసి తరలించారు. ఆసుపత్రిలో మనుషులను చంపి వారి శరీరాల నుంచి మోమియాయీ అనే తైలం తీస్తున్నారన్న వదంతి పుట్టింది. 1896 అక్టోబరులోనే మిల్లు కార్మికులు ఆర్థర్ రోడ్ ఆసుపత్రిపై దాడి చేశారు. ఈ వదంతిని అజ్ఞానమని కొట్టివేయడం తేలిక. కాని తలుపులు బద్దలుకొట్టి వచ్చినవాడు మందు కూడా తెచ్చాడంటే ఎవరు నమ్ముతారు? అది ప్రజల మనస్సుకు తగిలిన గాయం పలికించిన మాట.

ఇటువంటి వాతావరణంలో హాఫ్‌కిన్ గ్రాంట్ వైద్య కళాశాలలో ప్లేగు టీకాను రూపొందించాడు. 1897 జనవరి 10న మళ్ళీ తన మీదనే ప్రయోగించుకున్నాడు. ఆ నెలాఖరున బైకుల్లా జైలులో ప్లేగు పొడసూపగా, ఇష్టపడిన ఖైదీలకు టీకా వేశారు. ముందే వ్యాధి సోకి ఉన్న కొందరిని మినహాయిస్తే, టీకా పొందినవారిలో ఇద్దరికి వ్యాధి వచ్చినా ఎవరూ మరణించలేదు. తక్కినవారిలో 12 మందికి వ్యాధి సోకి ఆరుగురు మరణించారు. ఈ టీకా తయారీకి మాంసరసం అవసరం. హిందువులకూ ముస్లిములకూ మనఃక్లేశం కలగకుండా ఆయన మేకమాంసాన్నే వాడాడు. ప్రజల విశ్వాసాలను ఎగతాళి చేయక, వాటికి తన ప్రయోగశాలలో చోటిచ్చాడు.

అప్పుడు పందొమ్మిదేళ్ళ యువకుడైన మూడవ ఆగాఖాన్, సర్ సుల్తాన్ మహమ్మద్ షా ఆయనకు అండగా నిలిచాడు. తన ఖోజా సమాజం టీకాకు వెనుకాడుతున్నదని గ్రహించి, అందరి సమక్షంలో తానే పలుమార్లు టీకా వేయించుకున్నాడు. వేలాది ఖోజాలు ఆయనను అనుసరించారు. సర్కారు ఉత్తరువు సాధించలేనిది సొంత మనిషి చాపిన భుజం సాధించింది.

కాని నమ్మకం కట్టడానికి ఏళ్ళు పట్టినా కూలడానికి ఒక్క సీసా చాలు. 1902 అక్టోబరు 30న పంజాబులోని ముల్కోవాల్ గ్రామంలో 107 మందికి టీకా వేశారు. వారిలో ఒకే సీసా నుంచి మందు పొందిన 19 మందీ ధనుర్వాతంతో మరణించారు. తక్కిన 88 మందికి ఏ కీడూ కలుగలేదు. అయినా పంజాబులో తలపెట్టిన మహత్తర కార్యక్రమం కుంటుపడింది. నింద అంతా హాఫ్‌కిన్ మీద పడి ఆయన పదవి పోయింది. సీసా మూత తీయడానికి వాడిన పట్టకారు గ్రామంలో నేల మీద పడిందనీ, దానిని సరిగా శుద్ధి చేయలేదనీ తెలిసినా న్యాయం ఆలస్యమైంది. చివరకు ఆయన పక్షాన గొంతెత్తినవారిలో ప్రముఖుడు రొనాల్డ్ రాస్. 1897 ఆగస్టు 20న మన బేగంపేటలో దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నవాడు ఈయనే. 1907లో రాస్, ఇతర శాస్త్రజ్ఞులు లండన్ పత్రికలో చేసిన ఆందోళన ఫలితంగా హాఫ్‌కిన్ నిర్దోషిగా ప్రకటింపబడ్డాడు. మళ్ళీ కలకత్తాలో కొలువు దొరికింది గాని, బొంబాయిలో తాను నెలకొల్పిన ప్రయోగశాల ఆయనకు తిరిగి దక్కలేదు.

1897 నుంచి 1925 వరకు ఆ ప్రయోగశాల నుంచి రెండు కోట్ల అరవై లక్షల మోతాదుల ప్లేగు టీకా వెలువడింది. 1925లో దానికి హాఫ్‌కిన్ సంస్థ అని పేరు పెట్టారు. 1930 అక్టోబరు 26న స్విట్జర్లాండులోని లొసాన్‌లో ఆయన కన్నుమూశాడు. 1964లో భారత ప్రభుత్వం ఆయన స్మారకంగా తపాలా బిళ్ళ విడుదల చేసింది.

మన నగరానికి మహమ్మారులు కొత్త కాదు. ఒక మహమ్మారి తొలగినందుకు గుర్తుగా 1591లో చార్మినారును నిర్మించారని ఐతిహ్యం. 1908 మూసీ వరదల వెనుకనే 1911లో ప్లేగు వచ్చింది. మరుసటి సంవత్సరం నగరాభివృద్ధి మండలి ఏర్పడి ఇరుకు బస్తీలను సంస్కరించింది. నేడు ఈ హైదరాబాదు నుంచే టీకాలు ప్రపంచ దేశాలకు వెళుతున్నాయి. టీకా చేయడం నేర్చాము. నమ్మకం కలిగించే విద్య ఇంకా నేర్వవలసి ఉన్నది.

ఆ విద్యకు విద్యార్థులే తగినవారు. మీ వాడలో ఒక తల్లి తన బిడ్డకు టీకా వేయించడానికి జంకితే, ఆమెను మూఢురాలని నిందించకండి. ఆమె భయమేమిటో కూర్చుని వినండి. తెలిసినది ఉర్దూలోనో తెలుగులోనో ఆమె భాషలో చెప్పండి. టీకా వల్ల రెండు రోజులు జ్వరం రావచ్చునన్న సంగతి దాచకండి. దాచిన చిన్న నిజమే రేపటి పెద్ద వదంతికి విత్తనమవుతుంది. అవసరమైతే ముందుగా మీ చెయ్యి చాపండి. హాఫ్‌కిన్ మహాశయుడు కట్టాల్‌బాగాన్ బస్తీలో చేసినది అదే.