సభాపతి అయ్యదేవర కాళేశ్వరరావు గారు

విజయవాడ పాతబస్తీలో కాళేశ్వరరావు మార్కెట్టు అను పేరు వినని గృహస్థుడు లేడు. సంచి చేతబట్టుకొని కూరగాయలకై అచ్చటికి పోవువారెందరో కలరు గాని, ఆ పేరుగల పెద్దమనిషి ఎవరు, ఆయన దేశమునకేమి చేసెను అని విచారించువారు అరుదు. ఆయన వకీలు, గ్రంథకర్త, పలుమార్లు చెరసాల చూచిన దేశభక్తుడు. అన్నింటికంటె ముఖ్యముగా, ఆంధ్రప్రదేశ్ శాసనసభకు ప్రథమ సభాపతి. పాలకుల ఇష్టానుసారముగా ప్రజాసభలు మూతపడుటను ఆయన మొదట పుస్తకములలో చదివెను, పిదప స్వయముగా అనుభవించెను, తుదకు అట్టి సభకే అధ్యక్షపీఠమెక్కెను. ఆయన జీవితమున విశేషమిదియే.

కాళేశ్వరరావు గారు 1882లో కృష్ణా మండలమున నందిగామలో జన్మించిరి. బందరు నోబుల్ కళాశాలలో చదివిరి. రఘుపతి వేంకటరత్నం నాయుడు గారి వంటి గురువుల ప్రభావము ఆనాటి బందరు విద్యార్థులపై ఎంతగా ఉండెనో ఆంధ్రలోకమునకు విదితమే. పిదప న్యాయశాస్త్రము చదివి విజయవాడలో వకీలుగా స్థిరపడిరి. వృత్తిలో ఆర్జన లేకపోలేదు గాని, ఆయన మనస్సు గ్రంథములవైపే లాగుచుండెను. 1906లో హైదరాబాదున విజ్ఞానచంద్రికా గ్రంథమండలి వెలసినపుడు కొమఱ్ఱాజు లక్ష్మణరావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు ప్రభృతులతో పాటు ఆయనయు ఆ కార్యమున పాలుపంచుకొనిరి. తెలుగువానికి చరిత్ర, విజ్ఞానశాస్త్రము తెలుగుననే అందవలెనని ఆ మండలి సంకల్పము. ఆ సంకల్పమును ఆయన జీవితాంతము విడిచిపెట్టలేదు.

1921 మార్చి 31న, మరునాడు విజయవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘము సమావేశమయ్యెను. తిలక్ స్వరాజ్యనిధికి కోటి రూపాయలు, కోటిమంది సభ్యులు, ఇరువది లక్షల రాట్నములు అను తీర్మానము కృష్ణ ఒడ్డుననే జరిగెను. గాంధీమహాత్ముని దర్శనమునకై పల్లెలనుండి జనము వరదవలె వచ్చిరి. నాటి ఏర్పాట్లలో ముందు నిలిచిన స్థానిక నాయకులలో కాళేశ్వరరావు గారొకరు. సహాయనిరాకరణోద్యమము ఆయనను కారాగారమునకు పంపెను. తరువాతి ఉద్యమములును పంపెను.

చెరసాల కాలమును ఆయన వ్యర్థము చేయలేదు. పరదేశముల చరిత్రలు చదివి, తెలుగున వ్రాయబూనిరి. ఫ్రాన్సు విప్లవము, తురుష్క ప్రజాస్వామ్యము, చీనా జాతీయోద్యమము, ఈజిప్టు దేశచరిత్ర — ఈ విషయములపై ఆయన రచించిన గ్రంథములు ఆనాటి యువకులకు లోకమును చూపిన గవాక్షములు. ఈ నాలుగు దేశములనే ఆయన ఏల ఎన్నుకొనెనో ఆలోచింపదగినది. నాలుగింటను ఒక్కటే కథ తిరిగి తిరిగి వచ్చును: ప్రజాప్రతినిధులు ఒకచోట కూడుదురు, పాలకుడు వారిని కూడనీయడు.

ఫ్రాన్సు రాజులు 1614 తరువాత తమ రాజ్యప్రతినిధి సభను 175 సంవత్సరములు పిలువనేలేదు. ఖజానా వట్టిపోయినపుడు గదా పదునారవ లూయీకి 1789లో ప్రజలు జ్ఞాపకము వచ్చిరి! మే 5న సభ కూడెను. జూన్ 20న సభ్యులు వచ్చి చూడగా మందిరపు తలుపులు మూసియుండెను, సైనికులు కావలియుండిరి. రాజుగారి దర్బారునకు మందిరమును సిద్ధము చేయుచున్నారని సాకు. సభ్యులు వెనుకకు పోలేదు. సమీపముననున్న బంతులాట శాలలో చేరి, రాజ్యాంగము ఏర్పడువరకు చెదరిపోమని ప్రతిజ్ఞ చేసిరి. తలుపునకు వేసిన ఆ తాళమే సింహాసనమునకు ముప్పయ్యెను.

తురుష్క సుల్తాను అబ్దుల్ హమీదు మరింత నేర్పరి. 1876లో రాజ్యాంగమును ప్రకటించి, 1877లో పార్లమెంటును తెరచి, 1878 ఫిబ్రవరిలో మూసివేసెను. మరల అది కూడినది 1908లో. ముప్పది సంవత్సరములు! వింత యేమనగా, ఆ రాజ్యాంగమును అతడు ఎన్నడును రద్దుచేయలేదు. ప్రభుత్వ వార్షిక గ్రంథములలో అది యథావిధిగా అచ్చగుచునే యుండెను. కాగితముపై సభ కలదు, నేలపై లేదు. ఈజిప్టున 1925 మార్చి 23న సమావేశమైన పార్లమెంటును రాజు ఫువాదు ఆ దినముననే రద్దుచేయించెను. 1928లో రాజ్యాంగపు అమలునే మూడేండ్లు ఆపివేయుచున్నట్లు ప్రకటించెను. చీనాలో యువాన్ షికాయి 1914లో పార్లమెంటును తుడిచిపెట్టెను.

ఇంగ్లండు సంగతియు చెప్పుకొనవలెను; ఏలయన మనకు సభావిధులు అచ్చటినుండి వచ్చినవి. 1629లో మొదటి చార్లెసు రాజు సభను ఆపుమని ఆజ్ఞ పంపగా, సభాపతి ఫించి లేవబోయెను. సభ్యులు ఆయనను కుర్చీలో అదిమిపట్టి, తీర్మానములు నెరవేర్చుకొని గాని విడువలేదు. పిదప పదునొకండు సంవత్సరములు పార్లమెంటు లేకయే ఆ రాజు పన్నులు గుంజెను. 1640లో యుద్ధవ్యయమునకు ధనము లేక మరల పిలువక తప్పలేదు. కల్యాణమున బిజ్జలుని ఆగ్రహమునకు అనుభవమంటపము చెదరిపోయి శరణులు దిక్కులుపట్టిన కథ మన ఇండ్లలో పిల్లలకును తెలిసినదే. కాలము, దేశము వేరు గాని, నలుగురు కూడి మాటలాడుకొను చోటు ఏ ప్రభువునకైనను కంటకముగనే తోచును.

ఇక ఆయన స్వానుభవము. 1935 చట్టము ప్రకారము 1937 ఆరంభమున ఎన్నికలు జరుగగా మదరాసు శాసనసభలో 215 స్థానములకు 159 కాంగ్రెసునకు లభించెను. కాళేశ్వరరావు గారును ఎన్నికైరి. అయితే గవర్నరు తన విశేషాధికారములతో మంత్రుల పనికి అడ్డురాడని హామీ లభించువరకు కాంగ్రెసు పదవి స్వీకరింపనని పట్టుబట్టెను. అంతట ఏప్రిల్ 1న కూర్మా వెంకటరెడ్డి నాయుడు గారి తాత్కాలిక మంత్రివర్గమును నిలిపిరి. దానికి సభలో బలము లేదు. బలము లేని మంత్రివర్గమునకు సభను పిలిచినచో ఒక్క దినము నిలువదు గదా. కావున పిలువలేదు. సంవత్సరమున కొకసారి సభ కూడిన చాలునని ఆ చట్టమున నుండుటచే ఇట్టి నడక సాధ్యమయ్యెను. మూడున్నర నెలలు ప్రజలెన్నుకొన్న సభ్యులు ఇండ్లయందే యుండిరి. జూలైలో రాజాజీ మంత్రివర్గము వచ్చిన పిదప గాని సభ కూడలేదు. బులుసు సాంబమూర్తి గారు సభాపతియైరి.

ఆ సభ రెండేండ్లకు పైగా చురుకుగా పనిచేసెను. కృష్ణా మండలపు రైతు దృష్టి అంతయు అప్పుడు జమీందారీ సమస్యపై నుండెను. చల్లపల్లి, నూజివీడు, మునగాల మున్నగు జమీలలో రైతుల బాధలు వర్ణనాతీతములు. ప్రకాశం పంతులు గారి అధ్యక్షతన నియమింపబడిన సంఘము ఊరూర విచారించి, భూమిపై హక్కు రైతుదేయని 1938లో నివేదించెను. 1939 జనవరిలో సభ దానిపై చర్చించి, తదనుసారముగా చట్టము చేయవలెనని తీర్మానించెను. చట్టము మాత్రము రాలేదు. సెప్టెంబరులో యుద్ధము వచ్చెను. భారతీయుల సమ్మతి లేకయే వైస్రాయి భారతదేశమును యుద్ధమున దింపెను. దానికి నిరసనగా అక్టోబరు 29న మంత్రివర్గము రాజీనామా నిచ్చెను. మరునాడు గవర్నరు 93వ సెక్షను క్రింద సర్వాధికారములను తానే చేపట్టెను.

సభ రద్దు కాలేదు. సభ్యుల పదవి పోలేదు. కాని సభ లేదు. సుల్తాను నాటి కాగితపు రాజ్యాంగమును గూర్చి చదివినవారికి ఇది క్రొత్త గాదు. ఆ సెక్షను ప్రకారము ఇట్టి పాలన మూడేండ్లకు మించరాదు. యుద్ధకాలమున బ్రిటిషు పార్లమెంటు ఆ హద్దును గూడ సడలించెను. గవర్నరు, అతని సలహాదారులు చట్టములు చేసిరి, పన్నులు వేసిరి, బడ్జెట్టులు ఆమోదించుకొనిరి. ఓటు పొందిన సభ్యులలో అనేకులు కారాగారములలో నుండిరి. ఈ విధముగా ఆరున్నర సంవత్సరములు గడచి, 1946 ఏప్రిల్ 30న ప్రకాశం గారి మంత్రివర్గము వచ్చిన పిదప గాని ప్రజాపాలన మరల రాలేదు. జమీందారీ రైతు ఎదురుచూచిన చట్టము 1948లో వచ్చెను. సభ మూతపడుట వలన నష్టమెవరికని అడుగువారికి ఈ తొమ్మిదేండ్ల నిరీక్షణయే ప్రత్యుత్తరము. రాజీనామా తొందరపాటని అన్నవారును అప్పుడు లేకపోలేదు. కాని తలుపు మూసినది గవర్నరే.

స్వాతంత్ర్యము వచ్చిన తరువాత కాళేశ్వరరావు గారు విశాలాంధ్ర మహాసభకు అధ్యక్షత వహించి, తెలుగువారందరు ఒకే రాష్ట్రమున నుండవలెనని శ్రమించిరి. 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడెను. దాని సభ ఆయుర్దాయము స్వల్పము. 1954 నవంబరులో మద్యనిషేధము విషయమై ఒక్క ఓటుతో ప్రకాశం ప్రభుత్వము పడిపోగా, సభ రద్దయి రాష్ట్రపతి పాలన వచ్చెను. 1955 ఎన్నికలలో కాళేశ్వరరావు గారు విజయవాడనుండి గెలుపొందిరి. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరింపగా, డిసెంబరు 4న కూడిన సభ ఆయనను సభాపతిగా ఎన్నుకొనెను. అప్పటికి ఆయన వయస్సు డెబ్బదియైదునకు సమీపించుచుండెను.

సభాపతి అధికారమెంతయో పాఠకులు గ్రహింపదగును. నేటి పని ముగించి ఫలానా దినమున మరల కూడుదమనుట వాయిదా. అది సభాపతి చేతిలోనిది. సమావేశములనే ముగించుటను ప్రొరోగు చేయుట యందురు. అది మంత్రివర్గపు సలహాపై గవర్నరు చేయుపని, మరల పిలుచువాడును గవర్నరే. సభనే లేకుండజేయుట రద్దు. సభ రద్దయినను, క్రొత్త సభ తొలిసారి కూడువరకు సభాపతి పదవి మాత్రము నిలుచును. సంవత్సరమునకు ఒకసారి చాలునన్న పూర్వపు చట్టమునకు బదులు, మన రాజ్యాంగము రెండు సమావేశముల నడుమ ఆరునెలలకు మించి ఎడముండరాదని విధించెను. 1937 వేసవిని ఇంట గడపిన సభ్యునికి ఆ ఆరునెలల గడువు విలువ ఇతరులకంటె బాగుగ తెలియును.

1962 ఫిబ్రవరి 26న, సభాపతి పదవిలో నుండగనే, ఆయన దివంగతులైరి. తన కాలపు ఆంధ్రచరిత్రతో ముడిపడిన స్వీయచరిత్రను 'నవ్యాంధ్రము - నా జీవితకథ' అను పేర మనకు విడిచిపోయిరి. ఆయన మరణించిన పదునొకండేండ్లకు, జై ఆంధ్ర ఉద్యమమున విజయవాడ అట్టుడికిన వేళ, 1973 జనవరి 18న రాష్ట్రపతి పాలన వచ్చి శాసనసభ మరల నిద్రావస్థలోనికి పోయెను. ఈసారి కూడ సభను రద్దుచేయలేదు. డిసెంబరు 10న మంత్రివర్గము ఏర్పడువరకు, ఆయన తొలుత కూర్చుండిన ఆ పీఠము ముందు సభ కూడలేదు.