రూజ్‌వెల్ట్ పెంచిన క్రిస్మస్ చెట్లు

మన సంఘాల్లో క్రిస్మస్ చెట్టు అంటే ఎక్కువగా ప్లాస్టిక్‌దే. అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ మాత్రం దాన్ని పంటలా పండించారు. 1882లో హైడ్‌పార్క్‌లో పుట్టిన ఆయన, సాగు చేసి చేసి సారం పోయిన కుటుంబపు నేలలో 1912 నుంచి మొక్కలు నాటించారు. అవి చివరికి 5 లక్షలు దాటాయి. 1921లో పోలియో వచ్చి కాళ్లు చచ్చుబడ్డాయి. నాటడం మాత్రం ఆగలేదు. స్ప్రూస్ మొక్క క్రిస్మస్ ఎత్తుకు ఎదగాలంటే ఏళ్లు పడుతుంది. అంత ఓపికగా పెంచి అమ్మేవారు. ఓటరుగా నమోదైనప్పుడు వృత్తి చెట్ల పెంపకమని చెప్పేవారట! ఊళ్లోని సెయింట్ జేమ్స్ చర్చికి సంఘపెద్ద కూడా.

పెర్ల్‌హార్బర్‌పై దాడి జరిగి మూడు వారాలైనా కాలేదు. 1941 డిసెంబరు 24న వైట్‌హౌస్ ఆవరణలో ఆయన క్రిస్మస్ దీపాలు వెలిగించారు. అది నరికి తెచ్చినది కాదు, వేళ్లూనుకున్న చెట్టు. 1945 ఏప్రిల్ 12న కన్నుమూశారు. హైడ్‌పార్క్‌లోని ఇంటి తోటలోనే సమాధి చేశారు.