పెనుకొండ పిల్లవాడు

మా అమ్మాయికి ఏడేళ్లు. పోయిన వేసవి సెలవుల్లో ఒక నోటుబుక్కు తెచ్చి నా ముందు పెట్టి, తాను రామాయణం రాయబోతున్నానని ప్రకటించింది. ఒకటి ఉంది కదమ్మా అంటే, దాంట్లో కోతులు చాలలేదట! నవ్వు ఆపుకోలేకపోయాను. ఆ నవ్వు పూర్తి కాకముందే పుట్టపర్తి నారాయణాచార్యులవారు గుర్తుకొచ్చి కొంచెం సిగ్గు కూడా వేసింది.

ఆచార్యులవారు 1914 మార్చి 28న మన అనంతపురానికి దగ్గరలోని చియ్యేడులో పుట్టారు. అసలు ఇంటిపేరు తిరుమలవారు. పూర్వులు చిత్రావతి ఒడ్డున పుట్టపర్తిలో కాపురముండడంవల్ల ఆ ఊరిపేరే నిలిచిపోయింది. తండ్రి శ్రీనివాసాచార్యులు పండితులు. తల్లి కొండమ్మ కొడుకు పసితనంలోనే కన్నుమూసింది. తల్లిలేని ఆ పిల్లవాడు పెరిగింది పెనుకొండలో.

విద్యార్థి మిత్రులలో పెనుకొండ చూడనివారుంటే ఒకసారి వెళ్లి రండి. 2022 నుంచి అది శ్రీ సత్యసాయి జిల్లాలో చేరింది గానీ, నేల మాత్రం అదే నేల. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే అదే పదివేలనుకునే సీమ. 1565లో తళ్లికోట యుద్ధం తరువాత విజయనగర ప్రభువులు హంపీ వదలి ఈ కొండకే వచ్చి రాజధాని చేసుకున్నారు. ఆ వైభవంలో మిగిలినవి కోటగోడలు, గగనమహలు, గుళ్లు. ఊళ్లోని పిల్లలకు అవి దాగుడుమూతలకు పనికొచ్చే రాళ్లు. ఆచార్యులవారి అబ్బాయికి మాత్రం అవి తన సొంత ఆస్తి పోయినట్టు దుఃఖం కలిగించాయి.

ఆ దుఃఖాన్ని పద్యాల్లో పెట్టి ‘పెనుగొండ లక్ష్మి’ అనే కావ్యం రాశాడు. అప్పటికి వయసు పన్నెండు, పద్నాలుగేళ్ల మధ్య! భారత భాగవతాలు నోటికొచ్చిన పండితుల ఇంట్లో, మీసం రాని కుర్రవాడు ఏకంగా ఒక సామ్రాజ్యం కోసం ఏడుస్తానంటే ఏ తండ్రయినా పెదవి చాటున నవ్వుకునే సంగతే కదా. పైగా వీడికి ఒక్క కవిత్వంతో సరిపోలేదు. సంగీతం కావాలి, నాట్యం కావాలి, నాటకాల్లో ఆడవేషాలు కట్టాలి. ఆ ఊళ్లో ఉన్న పిట్ దొరసాని దగ్గర ఇంగ్లీషు కావ్యాలూ చదువుకున్నాడు. ఇన్ని పనులు నెత్తిన వేసుకున్న పిల్లవాణ్ణి ఈ కాలంలో అయితే మనం ట్యూషన్‌లో కూర్చోబెట్టి ఉండేవాళ్లం.

తరువాత తిరుపతిలో సంస్కృతం చదివారు. విద్వాన్ పరీక్షకు కూర్చుంటే పాఠ్యగ్రంథం ఏదనుకున్నారు? తాను చిన్నప్పుడు రాసిన పెనుగొండ లక్ష్మే! మన సీమలో తెలుగు మాస్టర్లు చెప్పుకునే కథ ఒకటుంది. ఆ కావ్యం మీద వచ్చిన చిన్న ప్రశ్నకు ఆయన పేజీలకు పేజీలు జవాబు రాసుకుంటూ పోయారట. టైము అయిపోయింది, పరీక్ష పోయింది. నన్నడిగితే అది తప్పడం కాదు. తన బాల్యాన్ని రెండు మార్కులకు కుదించడం ఆయన చేతకాలేదు, అంతే.

ప్రొద్దుటూరులో ఉపాధ్యాయుడిగా ఉన్నప్పుడు అగస్త్యేశ్వరస్వామి గుడిలో ‘శివతాండవం’ పుట్టింది. దాన్ని పైకి చదివితే కాళ్లు వాటంతటవే కదులుతాయి. పెనుకొండలో గజ్జెకట్టిన పిల్లవాడు అందులో ఉన్నాడని నా నమ్మకం. నాట్యం నేర్వనివాడు ఆ లయ పట్టలేడు. బహుభాషాపండితులాయన, పద్నాలుగు భాషలు వచ్చునని పేరు. విశ్వనాథవారి ‘ఏకవీర’ను మలయాళంలోకి తీసుకుపోయారు. రుషీకేశంలో శివానందస్వామి ‘సరస్వతీపుత్ర’ బిరుదమిచ్చారు. 1972లో పద్మశ్రీ వచ్చింది.

చివరికి ఆయనా రామాయణం రాశారండీ! వాల్మీకి, కంబడు, తులసీదాసు, మొల్ల, ఇంతమంది రాశాక కూడా ఇంకొకటి కావాలనిపించింది. ‘జనప్రియ రామాయణం’. దానికి 1979లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి లభించింది. 1990 సెప్టెంబరు 1న ఆచార్యులవారు దివంగతులయ్యారు.

మా అమ్మాయి రామాయణం ప్రస్తుతం ఏడో పేజీలో ఆగి ఉంది. హనుమంతుడికి ఇంకో ఇద్దరు తమ్ముళ్లు పుట్టారు. మొన్న పెన్సిలు అరిగిపోయిందంటే రెండు కొనిచ్చాను.