మన ఎల్లారెడ్డి ఎమ్మెల్యే సదాలక్ష్మి

పార్టీలు ఎందుకు అని పరీక్షలో అడిగితే మనం బట్టీ పట్టింది రాస్తాం. నాకైతే టి.ఎన్. సదాలక్ష్మి గారి కథ విన్నాకనే ఆ పాఠం అర్థమయింది.

ఆమె 1928లో సికింద్రాబాద్ దగ్గరి బొల్లారంలో పుట్టినారు. ఊరు శుభ్రం చేసే పనికి పెట్టిన మెహతర్ కులం వారిది. 1957లో కాంగ్రెస్ పార్టీ టికెట్ ఇచ్చింది (బస్సు టికెట్ కాదు!). కామారెడ్డి నుండి గెలిచినారు. పార్టీ గుర్తు లేకుంటే ఆ రోజుల్లో దళిత స్త్రీకి అసెంబ్లీ గేటు తెరుచుకునేదా? 1960లో డిప్యూటీ స్పీకర్ అయినారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ కుర్చీ ఎక్కిన మొదటి మహిళ ఆమెనే. 1962లో మన ఎల్లారెడ్డి నుండి గెలిచినారు. దేవాదాయ శాఖ మంత్రిగా కూడా చేసినారు. ఏ గుడి గడప ఆమె కులాన్ని తొక్కనియ్యలేదో, ఆ గుళ్ల ఫైళ్లు ఆమె సంతకం కోసం వచ్చినయి! ఇది వింటే నాకు భలే అనిపించింది.

పార్టీ పదవి ఇచ్చింది కదా అని ఆమె నోరు మూసుకోలేదు. 1969లో కాంగ్రెస్ ప్రభుత్వాన్నే ఎదిరించి తెలంగాణ ఉద్యమంలో నడిచినారు. ఆ ఉద్యమంలో పుట్టిన తెలంగాణ ప్రజా సమితి 1971లో 14 లోక్‌సభ సీట్లకు 10 గెలిచి, అదే ఏడు కాంగ్రెస్‌లో కలిసిపోయింది. మరి ఓటేసిన వాళ్లను ఎవరడిగినారు?

ముసలితనంలో మాదిగ దండోరాకు అండగా నిలిచినారు. 2004లో చనిపోయినారు. తెలంగాణ 2014లో వచ్చింది.