సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి రాయబారము

మన నియోగి కుటుంబములకు మంత్రిత్వము, రాయబారము కులవిద్యలని పెద్దలు చెప్పుదురు. ఆ మాటకు దృష్టాంతముగ సర్వేపల్లి రాధాకృష్ణన్ గారిని పేర్కొనువారు సైతము వారి వేదాంతోపన్యాసములనే స్మరింతురు గాని, 1950వ సంవత్సరమున మాస్కో నగరమందు వారు నెఱపిన రాయబారమును తలచువారు అరుదు. కావున మేమిచ్చట దానినే ముఖ్యముగ వ్రాయుచున్నాము.

వీరు 1888 సెప్టెంబరు 5వ తేదీని తిరుత్తణియందు జన్మించిరి. ఆ యూరు 1911లో ఏర్పడిన మన చిత్తూరు జిల్లాలో చేరి, 1960లో మదరాసు రాష్ట్రమునకు పోయెను. పోయినను మనవారు వారిని పరాయివారిగ తలంపలేదు. బాల్యమున 1896 మొదలు నాలుగేండ్లు తిరుపతి లూథరన్ మిషన్ పాఠశాలలో చదివిరి. పిదపటి విద్యాభ్యాసము, అధ్యాపకత్వము, ఆంధ్ర, కాశీ విశ్వవిద్యాలయముల ఉపాధ్యక్షత అందఱెఱిగినవే.

1949లో సోవియట్ దేశమునకు రాయబారిగ వెళ్లిరి. ఆ సంవత్సరాంతమున భారత ప్రభుత్వము మావో నాయకత్వముననున్న నూతన చైనా ప్రభుత్వమును గుర్తించెను. అయినను ఐక్యరాజ్యసమితిలో చైనా పీఠము ఫార్మోజా ద్వీపము చేరిన చియాంగ్ కై షేక్ పక్షమువారికే నిలిచెను. అందులకు కినిసి సోవియట్ ప్రతినిధి 1950 జనవరి నుండి భద్రతాసమితికి రాకుండెను. జూన్ 25న కొరియా యుద్ధము పుట్టెను. కలహము తీర్పవలసిన సభలోనే ఒక పక్షము లేదు!

జులై మొదట రాధాకృష్ణన్ గారు సోవియట్ విదేశాంగ శాఖవారికి అనధికారముగ ఒక మార్గము సూచించిరి. అమెరికా నూతన చైనాకు పీఠమిచ్చుటకు సమ్మతింపవలెను. సోవియట్ ప్రతినిధి మరల సభకు రావలెను. అంతట ఆ సభ కొరియాలో యుద్ధము నిలుపుటకు యత్నింపవలెను. ఈ సంగతి మాస్కోలోని అమెరికా రాయబార కార్యాలయమునకును చేరెను. నెహ్రూగారు దీనిని గైకొని జులై 13న స్టాలినుకును, అమెరికా విదేశాంగమంత్రి అచిసనుకును లేఖలు పంపిరి. స్టాలిన్ రెండు దినములలో అనుకూలముగ బదులిచ్చెను. అచిసన్ 18న నిరాకరించెను. దండయాత్రను ఆపుటకు చైనా పీఠమును వెలగా నిలుపరాదని ఆయన వాదము. ఆ వాదమున బలము లేదని మేమనజాలము. అయినను యుద్ధము 1953 వఱకు సాగెను.

సెప్టెంబరు 19న సాధారణ సభలో, నూతన చైనాకు పీఠమీయవలెనని మన దేశము తెచ్చిన తీర్మానమునకు అనుకూలముగ 16, ప్రతికూలముగ 33 వోట్లు పడెను. 10 దేశములు తటస్థముగ నుండెను.

ఇంకొక విచిత్రము. 1962లో వీరు రాష్ట్రపతియైన కొలది మాసములకే ఆ చైనాయే మనపై దండెత్తెను. పీఠము దానిదేయను పక్షమును మాత్రము మన దేశము అప్పుడును విడువలేదు. ఆ పీఠము 1971 అక్టోబరు 25న 76 వోట్లతో చైనాకు దక్కెను. అప్పటికి రాధాకృష్ణన్ గారు పదవి చాలించి మైలాపూరునందుండిరి. 1975 ఏప్రిల్ 17న స్వర్గస్థులైరి.